గేటు లేని ఒడ్డు

మిరపకోతలు అయ్యాక రైతు బాపయ్య ఏటా కూలీలను బస్సులో ఎటైనా తిప్పుకొస్తాడు. ఈసారి సముద్రపుటొడ్డున కొత్త రిసార్టుకు తీసుకొచ్చాడు. గేటు చూడగానే కోతల మేస్త్రీ కరీమున్‌కు ఒళ్లు మండింది.

“జాలరోళ్ల గుడిసెలు పీకి కట్టింది దీన్నేనండీ. నిలవనీడ లేకే వాళ్లలో పోలమ్మ మన చేలో కాయ కొయ్యటానికొచ్చింది. మండిన ఆ చేతులకి నూనె రాసింది నేను. లోపలికి నేన్రాను.”

“ఇంతదూరం వచ్చాకా?” అన్నాడు బాపయ్య.

“వచ్చింది సముద్రానికి. అది వీళ్లబ్బ సొమ్మా?”

కరీమున్ దిగి నడిచింది. బస్సంతా ఆమె వెనకే కదిలింది. కోతలయ్యాక తిరిగొచ్చి గోడ అవతల రేకుల షెడ్డులో ఉంటున్న పోలమ్మ వాళ్లను చూసి ఎగిరి గంతేసింది. మధ్యాహ్నానికి చేపల పులుసు ఘుమఘుమలాడుతుంటే బాపయ్య కూడా వచ్చి ఇసుకలో కూర్చుని పళ్లెం చాచాడు. గోడ మీంచి రిసార్టులోని జనం తొంగిచూశారు.

“రండయ్యా, రండి!” కరీమున్ కేకేసింది. “ఇక్కడ గేటు లేదు!”