నల్లమల దిగుడులో ఆగని చక్రం

రెండోసారి పడ్డ రోజు ఫెబా సైకిల్‌ను మా రిపేరు షాపు గోడకు ఆనించి, "తాతా, నా చేతులే మంచివి కావు. వచ్చే శనివారం నేను పోను" అంది. మోచేతి మీద అరచేతి వెడల్పున తోలు లేచిపోయి ఉంది.

ఫెబా నా మనవరాలు. ఆళ్లగడ్డలో మా దగ్గరే ఉండి కాలేజీకి పోతుంది. వచ్చే శనివారం నంద్యాల జట్టుకు ఎంపిక. గిద్దలూరు పోయే ఘాట్ రోడ్డులో సైకిళ్లను జీపులో పైకి తీసుకుపోయి దింపుతారు. అక్కడి నుంచి కిందికి దిగాలి. మొదటి నలుగురికే చోటు. చదును రోడ్డు మీద ఫెబా ఎవరికీ అందదు. ఘాట్‌లో మాత్రం వరసగా రెండు శనివారాలు ప్రాక్టీసులో, పైనుంచి వచ్చే మొదటి పెద్ద మలుపులోనే పడింది.

అదే ఘాట్‌లో నేను వయసులో ఉన్నప్పుడు రెండు మూటల శనక్కాయలతో దిగాను. ఎంత వేగంగా దిగానంటే నా నీడ వెనకబడిపోయింది. అది వచ్చేదాకా కింద కూర్చుని ఒక బీడీ తాగాను. ఈ మాట నమ్మనివాళ్లు ఆళ్లగడ్డలో చాలామంది ఉన్నారు. వాళ్లు ఘాట్ చూడలేదు, అంతే.

నంద్యాల నుంచి ప్రవీణ్ సారు వచ్చాడు. పిల్లలకు సైకిల్ నేర్పేది ఆయనే. ఫోన్లో వీడియో చూపించాడు.

"చూడు దేవసహాయం పెద్దాయనా. మలుపులోకి పోయినాక బ్రేకు పట్టుకున్నెట్లుంది. ముందే పట్టి, వేగం తగ్గించి, మలుపులో వదలాల. వంగిన చక్రాన్ని గట్టిగా పడితే జారుతుంది."

"ముందే పట్టినా సార్," అంది ఫెబా. "మలుపు బోర్డు కాడనే పట్టినా. సైకిల్ వినలే."

"వెనకది ఒకటే పట్టింటావు."

"రెండూ పట్టినా. ముందరిది ఇంకా గట్టిగా పట్టినా."

"అట్లయితే పైనుంచి పట్టుకొనే వచ్చింటావు. రిమ్ము కాగింటుంది."

"పట్టి వదిలి, పట్టి వదిలి వచ్చినా సార్. మీరు చెప్పినట్లే."

సారు తల గోక్కున్నాడు. నేను సైకిల్‌ను స్టాండుకు ఎక్కించాను. ఎంత మంచి బండి వచ్చినా ముందు పెట్రోలు గుడ్డతో రిమ్ములు తుడిచి, బ్రేకు రబ్బర్లను గరుకు కాగితంతో రుద్ది, ఆ తర్వాతే రోగం చూస్తాను. నలభై ఏళ్ల అలవాటు. అట్లే తుడిచి, రుద్ది, చక్రం తిప్పి బ్రేకు పట్టాను. టక్కున నిలిచింది. పోయిన శనివారం కూడా ఇట్లే నిలిచింది.

"సోమవారం నుంచి శుక్రవారం దాకా నిలుస్తుంది, శనివారం నిలవదు," అన్నాను. "దీనికి శనివారం సెలవేమో సారూ."

ఎవరూ నవ్వలేదు. బేతంచెర్ల బండల లారీల నుంచి పొడి రాలి ఉంటుందేమోనని సారు అనుమానపడ్డాడు. నేను మరుసటి రోజు బస్సులో పోయి, ఆ మలుపులో వంగి రోడ్డును చేత్తో తడిమి చూశాను. మా ఇంటి నడవ కూడా అంత శుభ్రంగా ఉండదు. రోడ్డు మంచిది, బ్రేకు మంచిది, పిల్ల చేసిందీ సరిగ్గానే ఉంది. మరి ఎందుకు పడింది? వారమంతా తల బద్దలు కొట్టుకున్నా నాకు అంతు చిక్కలేదు.

"అన్నీ బాగుంటే చెడింది నేనే గదా తాతా," అంది ఫెబా శుక్రవారం నాడు. సారు ఫోన్ చేసి బతిమాలితే చివరికి సరే అంది గానీ, గొంతులో పస లేదు.

శనివారం తెల్లవారింది. జీపు వచ్చే వేళకు టైర్లలో గాలి చూద్దామని బయటికి వచ్చాను. నా భార్య జీవమ్మ సైకిల్ పక్కన గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో చిన్న సీసా, చర్చిలో ప్రార్థన చేయించిన కొబ్బరి నూనె. హ్యాండిల్ మీద బొటనవేలితో సిలువ గుర్తు వేసి, చక్రాన్ని మెల్లగా తిప్పుతూ రిమ్ముకు పూస్తోంది.

"ఏందీ చేస్తాండావు?"

"కనపడ్లేదా? పాపకు దెబ్బ తగలకుండా పెడతాండా. మొదటి వారం ఒక్క చుక్కే పెడితిని, పడె. పోయిన వారం రెండు పక్కలా పూస్తి, మళ్లా పడె. ఈసారి చుట్టూరా పెడతాండా."

రెండు వారాలుగా ఆమె పూస్తోంది, నేను తుడుస్తున్నాను. కారణాన్ని నా చేత్తోనే తుడిచేసి, అది ఎక్కడుందా అని ఘాట్ దాకా పోయి వెతికాను.

ఇప్పుడూ గమ్మున తుడిచేస్తే సరిపోతుంది, జీవమ్మ మనసు నొచ్చుకోదు. కానీ పిల్ల తన చేతులనే అనుమానిస్తూ దిగుతుంది. భయపడే చేయి బ్రేకును సరిగా పట్టదు, సరిగా వదలదు. ఏదో ఒకటి తేల్చుకునే లోపలే ఫెబా బయటికి వచ్చింది.

"పాపా, నీ చేతులు మంచివే," అన్నాను. "రిమ్ముకు నూనె."

ఫెబా రిమ్మును వేలితో తాకి, వాసన చూసింది. జీవమ్మ మెట్టు మీద కూలబడింది.

"నేనా పడేసింది?"

ఫెబాకు కోపం వస్తుందనుకున్నాను, లేదా నవ్వుతుందనుకున్నాను. రెండూ జరగలేదు. వేలిని గోడకు తుడుచుకుని అవ్వ ముందు కూర్చుంది.

"అవ్వా, నొసట పెట్టు. చక్రానికొద్దు."

"నీకు పెట్టను పో. ఇంగ ఎవరికీ పెట్టను."

"పెట్టవ్వా, జీపొచ్చింది."

జీవమ్మ పెట్టింది. నేను పెట్రోలు గుడ్డతో రెండుసార్లు తుడిచి, రబ్బర్లను కొత్తవాటిలా కనిపించేదాకా రుద్దాను.

మేమిద్దరం కూడా పోయి, ఆ మలుపు దాటాక రోడ్డు పక్కన నిలబడ్డాం. ఫెబా పైనుంచి రాయి దొర్లినట్టు వచ్చింది. బోర్డు దగ్గర వీపు ఎత్తి, రెండు బ్రేకులూ పట్టింది. రబ్బరు గీరిన చప్పుడు మాకు వినిపించింది. వదిలింది, వంగింది. మా వైపు చూడనే లేదు, రోడ్డు ఎటు తిరిగితే చూపు అటే తిరిగింది. అంతలోనే చెట్ల వెనక మాయమైంది.

జీవమ్మ కళ్లు మూసుకుని ఉంది. "పోయిందా?"

"పోయె."

"పడిందా?"

"పడలే."

కళ్లు తెరిచి, రోడ్డు అంచున ఉన్న లోయ వైపు చూసింది. "ముందర రెండుసార్లు ఆ లోతులోకి పోకుండా ఈ రాళ్ల మీదనే పడె గదా. అప్పుడు ఎవరు పట్టినారప్పా? నూనె పూసింటిని గాబట్టే గదా?"

"నూనె పూసినందుకే పడింది మే."

"పడింది దానికే, సరే. బతికింది దేనికి?"

మేము జీపులో కిందికి దిగాం. అక్కడ ప్రవీణ్ సారు ఎంపికైనవాళ్ల పేర్లు చదివాడు, నాలుగోది ఫెబాది. జీవమ్మ నా వైపు తిరిగి, జవాబు కోసం ఇంకా చూస్తూనే ఉంది.