చావింటి మర్యాద

సరదాగా తిరిగి రావడానికి వెళ్తూ చచ్చిపోయినవాళ్ళ గుర్తులు చూడ్డమేమిటని మనురేవాలో మా ఇంట్లో బయల్దేరినప్పుడే గొణిగాను. మా ఆయన జనార్దన్ వింటేగా! చాథమ్ దీవులకి విమానం టికెట్లు అప్పటికే తీసేశాడు.

అక్కడ మమ్మల్ని తిప్పింది రాబర్ట్ అంకుల్. డెబ్బై దాటిన మోరియోరి మనిషి; ఆ దీవుల్లో మొదట్నుంచీ ఉన్న జాతి వాళ్ళది. మనిషిని చంపకూడదన్నది వీళ్ళ పూర్వీకులు పెట్టుకున్న నియమం. 1835లో ఓడల్లో వచ్చినవాళ్ళు తమని నరుకుతున్నా ఆ మాట తప్పలేదట. చావగా మిగిలినవాళ్ళని బానిసల్ని చేసుకున్నారు.

"మా జాతి అంతరించిపోయిందని బళ్ళో పాఠం చెప్పారు," అన్నాడాయన. "నేను ముందు బెంచీలో కూర్చునే విన్నాను. ఇప్పటికీ వచ్చినవాళ్ళు ఆఖరి మోరియోరి ఎప్పుడు పోయాడని నన్నే అడుగుతారు. ఒక్కరైనా నన్ను చూసి వెళ్తే చాలు."

తర్వాత వాళ్ళ జాతివాళ్ళు కట్టుకున్న పెద్ద హాలుకి తీసుకెళ్ళాడు. అందులో ఒక స్తంభం నిండా పేర్లే. ఆ ఓడలు వచ్చేనాటికి బతికున్నవాళ్ళవట. కూడబలుక్కుని ఒకటి పైకి చదివాను. వెనక ఎవరో 'ఊఁ' అన్నట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నాకు నిజంగానే భయమేసింది. ఇంకో పేరు చదివే ధైర్యం లేకపోయింది.

ఇంకా ఫొటోలు తీస్తున్న మా ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. రాబర్ట్ అంకుల్ వాకిట్లో చెయ్యి చాపి నిలబడ్డాడు. నేను తల వంచుకుని, పలక్కుండా ఆయన్ని దాటి కారెక్కేశాను.

ఆయన కారు దగ్గరికి వచ్చాడు. "నా వల్ల ఏదైనా పొరపాటు జరిగిందా?"

"అయ్యో, లేదంకుల్! చావింటి నుంచి వచ్చేటప్పుడు మావాళ్ళు వెళ్ళొస్తామని చెప్పరు. మళ్ళీ వస్తామంటే ఇంకో చావు కోరుకున్నట్టు. మర్యాద కోసమే అలా వచ్చేశాను." ఏదో గొప్ప సంగతిలా చెప్పాను కూడా.

ఆయన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. "చావిల్లా? శనివారం నా మనవరాలి పుట్టినరోజు ఇందులోనే చేస్తున్నాం."

నా మొహం ఎక్కడ పెట్టుకోను! ఆ బడి పాఠాన్నే మళ్ళీ ఆయన మొహం మీద చదివి వచ్చాను.

గబగబా కారు దిగి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను. "వెళ్ళొస్తాం అంకుల్. మళ్ళీ మీ ఇంటికి వస్తాం."

ఆయన మొహం వెలిగిపోయింది. "ఎప్పుడు?" అన్నాడు.

మా ఆయన విమానం టైమవుతోందని వాచీ చూసుకుంటున్నాడు. ఏ నెలా చెప్పకుండా నేనూ ఆ వాచీకేసే చూశాను. ముందు ఆయనే నా చేతులు వదిలేశాడు.