బయటి నుంచి వేసిన తాళం

"కర్పగం అక్కా! బీగం పగలగొట్టక్కా! అవ్వకు ఊపిరి అందలే!"

లోపలి నుంచి గ్రిల్ కమ్ములు పట్టుకుని పాండియమ్మాళ్ నన్ను చూసి అరుస్తోంది. తమిళనాట కోవిల్‌పట్టి, 2004 మే నెల, పొద్దున పదకొండు గంటలు. లోపల పక్షవాతంతో మంచాన పడ్డ పెరియనాయగి పెదాలు నల్లబడుతున్నాయి. బయట గ్రిల్‌కు పిడికిలంత తాళం. తాళంచెవి యాభై కిలోమీటర్ల అవతల, విరుదునగర్‌లో ఉద్యోగం చేసే అవ్వ కొడుకు వెంకటసామి జేబులో ఉంది.

ఆ రోజు నాకు వారానికొక్కరోజు వచ్చే సెలవు. లేకపోతే ఆ వీధిలో ఉండేదాన్నే కాదు. పాండియమ్మాళ్‌దీ నాదీ ఒకే ఏజెన్సీ. ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డవాళ్ళను చూసుకోవడం మా పని.

"ఆస్పత్రికి ఫోన్ చెయ్యవే!"

"ఫోనుకు పెట్టె, పెట్టెకు బీగం!"

ఆమె చేతకానిది కాదు. అవ్వను లేపి దిండ్లకు ఆనించింది. గొంతులో చేరిన కళ్లె గుడ్డతో తీసింది. కిటికీలన్నీ తెరిచింది. నేర్చుకున్నదంతా చేసింది. తలుపు తీయడం ఒక్కటే ఆమె చేతిలో లేదు.

ఎదురింటి ముత్తురాజ్‌ను గడ్డపార అడిగాను. ఇవ్వలేదు.

"ఇంటోళ్ళు లేనప్పుడు పగలగొడితే దొంగ కేసమ్మా. నువ్వు పోతావు. నేను ఈ ఈదిలో బతకాల."

"అవ్వ కూడా ఈ ఈదిలోనే బతకాల గదన్నా!"

కుళాయి దగ్గర బిందెలు వదిలేసి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకామె రుబ్బురోలి పొత్రం మోసుకొచ్చింది. వంతులవారీగా కొట్టాం. కొక్కెం ఊడింది. ఆ కేక విన్నప్పటి నుంచి, ఆటోలో ఆస్పత్రికి చేరేసరికి నలభై నిమిషాలు. డాక్టర్ నాడి చూసి, చెయ్యి వదిలేసి, "అరగంట ముందు తెచ్చివుంటే" అన్నాడు.

అవ్వను సరిగా చూసుకోలేదని పాండియమ్మాళ్‌ను పోలీసులు అక్కడి నుంచే స్టేషన్‌కు పట్టుకుపోయారు.

సాయంత్రం ఆరింటికి ఊళ్ళో ఇళ్ళ తాళాలు తెరుచుకున్నాయి. ఏజెన్సీ నీలం చీరలు ఒక్కొక్కటే స్టేషన్ వాకిట్లోకి వచ్చాయి. నాతో కలిపి ఇరవైముగ్గురం. అందరిలోకీ పెద్దది సుబ్బమ్మాళ్ రాగానే తల కొట్టుకుంది.

"బీగమేసి పెడితే ఇదెందుకు ఒప్పుకున్నట్టు? మనకొక మాట చెప్పకూడదా?"

నాకు ఒళ్ళు మండింది. "నిన్ను లోపలేసి బీగం వెయ్యరా అక్కా?"

సుబ్బమ్మాళ్ నేల చూసింది. "వేస్తారు."

"నన్నూ వేస్తారు. మూడేళ్ళుగా."

"నన్నూ" అంది వెనక ఒక గొంతు. ఆ వెనక ఇంకొకటి.

మూడేళ్ళు ఒకే బస్సెక్కాం. ఒకే పొట్లంలో వక్కాకు పంచుకున్నాం. ఈ మాట మాత్రం చెప్పుకోలేదు. తాళం వేశారంటే దొంగను చూసినట్టు చూశారనే కదా! తన ఒక్కదాన్నే నమ్మడం లేదని ప్రతి ఒక్కతీ సిగ్గుతో దాచుకుంది. ఇది చదివే అక్కచెల్లెళ్ళారా, మీరు దాచుకున్న సిగ్గు కూడా ఒకసారి బయటికి తీసి చూడండి. అది ఎవరికి పనికొస్తోందో తెలుస్తుంది.

"సెల్వరాజ్‌ను అడిగినా" అంది సుబ్బమ్మాళ్. సెల్వరాజ్ మా ఏజెన్సీ యజమాని. "'బీగమెయ్యాల్సిందేనని ఇంటోళ్ళు పట్టుబడతాండారు, నేనేం చేసేది, ఓర్చుకో' అన్నాడు."

"నాకూ అదే మాట!"

కిటికీలోంచి చూశాం. సెల్వరాజ్ అప్పటికే లోపల ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్‌తో తమిళం, పాండియమ్మాళ్‌తో మన తెలుగు. మన భాషవాడని మేమంతా నమ్మిన మనిషి. ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు.

"సంతకం పెట్టు తల్లీ. నిద్రపోతి, చూసుకోలే అని రాసుండాది, అంతే. నేను బయటికి తెస్తా."

"నేను నిద్రపోలేదన్నా."

"మొండికెయ్యకు. ఇంటోళ్ళతో పగెందుకు? రేపు నిన్నెవరు పనికి పిలుస్తారు?"

కానిస్టేబుల్‌ను తోసుకుని అందరం లోపలికి వెళ్ళాం. బెంచీ మీద వెంకటసామి కూర్చుని ఉన్నాడు. సుబ్బమ్మాళ్ ఆయన మీదికి వెళ్ళింది.

"ఏమయ్యా, కన్నతల్లిని కూడా దొంగనుకుంటివా? ఆయమ్మనూ లోపలేసి బీగం పెడితివే!"

వెంకటసామి ఉబ్బిన కళ్ళెత్తాడు.

"నేనుగా పెట్టలేదమ్మా. మీ ఏజెన్సీ రూలన్నారు. మా ఆడోళ్ళను లోపలేసి బీగం పెట్టుకుని పోండి, లేకుంటే ఏది పోయినా మాది పూచీ కాదు అన్నారు."

అందరం సెల్వరాజ్ వైపు తిరిగాం. వాళ్ళకు ఒక మాట. మాకు ఒక మాట. రెండూ ఒకే నోటి నుంచి.

తెలుగు రాని ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. "ఏమంటున్నారు వీళ్ళు?"

"ఏం లేదు సార్" సెల్వరాజ్ తమిళంలో అందుకున్నాడు. "చావింటి దుఃఖం. ఏదో..."

పాండియమ్మాళ్ లేచింది. కాగితాన్ని బల్ల మీదినుంచి అతని వైపు నెట్టేసింది. మేమంతా ఆమె వెనక నిలబడ్డాం. అందరికీ అర్థమయ్యేలా తమిళంలో, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"మమ్మల్ని లోపలేసి తాళం పెట్టమన్నవాడే అవ్వ ప్రాణం తీశాడు. వాడి పేరు రాసుకోండి సార్."

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు. "ఎవరు?"

ఇరవైనాలుగు గొంతులు పలికాయి.

"సెల్వరాజ్!"