వేళ తప్పిన యూరియా

సోమవారం పొద్దున మూకండపల్లి ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి రాగానే తోటపని చేసే అంబిక నిలబడిపోయింది. శనివారం పాలిపోయి ఉన్న లాన్ ఇప్పుడు చారలు చారలుగా మాడిపోయింది. ఒక్కో చార ఆమె చెయ్యి విసిరిన వంపులోనే ఉంది. ఎవరి పనో ఎవరూ అడగనక్కరలేదు.

పై వారం శుక్రవారం కంపెనీ పెద్దవాళ్లు వస్తున్నారని, అప్పటికి గడ్డి పచ్చగా కనబడాలని, సూపర్‌వైజర్ లోకనాథ్ యూరియా మూట ఇచ్చి సెలవు మీద వెళ్లాడు. ఏడో తరగతిలో బడి మానేసిన అంబికకు యూరియా సంగతి నేర్పింది కుందారపల్లిలోని రాగిచేనే. అక్కడ మోడం కమ్మితే చాలు, ఇంటిల్లిపాదీ చేలోకి పరుగెత్తి చల్లేవారు. వెనకే వాన వచ్చి కరిగించేది. శనివారం తెల్లవారి ఆకాశం అట్లాగే నల్లబడింది. మంచు తడి ఆరకముందే ఆమె గుప్పిళ్లతో విసిరేసింది. వాన రాలేదు, ఎండ వచ్చింది. పైపు పక్కనే ఉన్నా, దాన్ని లాగి తడపాలన్న ఆలోచనే తట్టలేదు.

ఏడాదిన్నర కూతురు లక్ష్మీప్రియకు జ్వరం వస్తే ఫిట్స్ వస్తాయి. మొదటిసారి కుందారపల్లిలో వచ్చినప్పుడు, కొయ్యబారిన బిడ్డను ఎత్తుకుని హైవే మీద నిలబడితే ఒక్క బండీ ఆగలేదు. మొగుడు శశికుమార్ ఆ వేళ తన లారీతో ఏ రాష్ట్రంలో ఉన్నాడో కూడా తెలియదు. రెండోసారి ఈ ఫ్యాక్టరీ పిల్లల గదిలో వచ్చింది. పక్క గదిలోని నర్సమ్మ ఉరికివచ్చి బిడ్డను పక్కకు తిప్పి మందిచ్చింది. అంబికకు ఇక్కడ పని ఉన్నంతవరకే ఆ గదిలో బిడ్డకు చోటు.

కంచె అవతల పక్క కంపెనీ తోటమాలి హనుమంతప్ప నిలబడి చూస్తున్నాడు. రాయకోట ముసలాయన.

“ఏమ్మా, లాన్ మీద ముగ్గేసినావా?”

“ఎగతాళి చెయ్యొద్దు తాతా. నాకు పానం పోతా ఉంది.”

“తడి ఆకు మీద చల్లినావు కదా? అది అంటుకుని కాల్చేసింది. ఆకు ఆరినాక కొంచెంగా చల్లి, వెంటనే నీళ్లు పట్టాల. మోడాన్ని నమ్ముకోవడానికి ఇదేమన్నా మీ నాయన చేనా?”

“ఇప్పుడేం చేసేది?”

“నీళ్లు పట్టు. ఆ ఎరువు ఉప్పంతా వేరు దాటి దిగిపోవాల. కత్తిరించొద్దు. కొత్త మొలక వచ్చి, వాన పడేదాకా ఎరువు ముట్టొద్దు.”

మూడు దినాలు ఆమె పైపు వదల్లేదు. నాలుగో దినం లోకనాథ్ వచ్చాడు.

“ఇదేంది? పచ్చగా చెయ్యమంటే తగలబెట్టినావా? స్టోర్లో ఇంకో మూట ఉంది, తెచ్చి చల్లు. ఈ పొద్దే!”

అంబిక పైపు కింద పెట్టింది. సరేనంటే ఈ నిమిషానికి గండం గడుస్తుంది.

“చల్లను సార్.”

“ఏమన్నావ్?”

“తప్పు నాదే సార్. మోడం చూసి చల్లినాను, వాన రాలే. మళ్లీ వేస్తే వేరు కూడా సచ్చిపోతుంది. మన్నే మిగిలేది.”

“ఓహో, మేడం యాడ చదివినారు? కోయంబత్తూరు అగ్రికల్చర్ కాలేజీలోనా?”

“కుందారపల్లిలో సార్. ఏడో క్లాసు.”

ఊడుస్తున్న పాపక్క నవ్వాపుకోలేక అటు తిరిగింది. లోకనాథ్ నవ్వలేదు. కూర్చుని ఒక పిలక పెరికి చూశాడు. పైన మాడినా వేరు తెల్లగానే ఉంది.

“సరే. శుక్రవారం నాకు మాట వస్తే, శనివారం నుంచి నువ్వు పనికి రానక్కర్లే.”

మరుసటి వారం, చెప్పిన శుక్రవారమే పెద్దవాళ్లు వచ్చారు. ఒకాయన లాన్ ముందు ఆగి, మచ్చలకేసి వేలు చూపి ఏదో అడిగాడు. లోకనాథ్ చేతులు కట్టుకుని ఎండాకాలం మీద నెట్టేశాడు. కార్లు కదలగానే నేరుగా అంబిక దగ్గరికి వచ్చాడు. ఆమె అప్పటికే బిడ్డ బట్టలు సంచిలో కుక్కి పెట్టుకుంది.

“ఆ సంచి ఏంది?”

“పొమ్మంటారని సార్…”

“నువ్వు పోతే ఈ మచ్చలు నేను పోగొట్టాల్నా? కాల్చింది నువ్వు, పచ్చగా చేసేదీ నువ్వే. అంతవరకు ఈడ్నే ఉంటావు. ఆమీద చూస్తాం. ఎన్ని దినాలు పడుతుంది?”

పొద్దునే ఆమె గడ్డి పాయలు విడదీసి చూసింది. మాడిన ఆకుల కింద లేత మొలకలు ఒత్తుగా లేస్తున్నాయి. ఒక్క వాన పడి, ఆకు ఆరినాక పిడికెడు యూరియా చల్లి నీళ్లు పడితే పదిహేను దినాలు చాలు. పిల్లల గదిలోంచి లక్ష్మీప్రియ కేకలు వినబడుతున్నాయి.

“మూడు నెలలు సార్,” అంది.

ఆయన నమ్మి వెళ్లిపోయాడు. అంబిక పైపు పట్టుకుని వంగింది. మొదళ్లలో పచ్చన కనబడిన ప్రతిచోటా మాడిన ఆకుల్ని పైకి లాగి కప్పేసింది.