అసిరమ్మ మడమల కింద

నేను ఒక ఆవాల దిండును. పసిబిడ్డ తల గుండ్రంగా కుదరాలని బాలింతల ఇళ్లలో కుట్టే చిన్న దిండు మీరు చూసే ఉంటారు. నేనూ ఆ జాతిదాన్నే. కాకపోతే తలల కింద ఉండే యోగం నాకు లేదు. మంచం పట్టిన మనుషుల పిక్కల కింద పడుకుని, వాళ్ల మడమలు పరుపుకు ఆనకుండా చూడడం కోసం నన్ను కుట్టారు.

నన్ను కుట్టించినామె పేరు యునీకే. సముద్రం ఒడ్డున ఉన్న ఒక పట్నంలోని పెద్దాసుపత్రిలో, పక్షవాతం వార్డులో ఆమె స్టాఫ్ నర్సు. పక్షవాతం నుంచి బతికి బయటపడ్డ మనుషులు మడమ మీద లేచిన పుండుతో చనిపోవడం ఆమె చూసింది. కదలని కాలు ఒకే చోట ఆని ఉంటే, లోపల కండ కుళ్లిపోతుంది. పైకి ముందు కనబడేది చిన్న ఎర్రమచ్చే. ఒకరోజు చెల్లెలి బిడ్డను ఎత్తుకోబోతూ ఆవాల దిండు కింద చెయ్యి పెట్టింది. గింజలు బరువుకు తగ్గట్టు పక్కకు జరిగి, తలకు మెత్తగా చోటిచ్చాయి. ఆ చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు కూర్చుందట. ఆ ఏడే నర్సింగ్‌లో పీహెచ్‌డీకి చేరింది.

"డాక్టరేటు వస్తే బెడ్‌పాన్ ఎత్తడం మానేస్తావేంటి?" అని తోటి నర్సులు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆసుపత్రి గేటు పక్కన నర్సుల కోట్లు కుట్టే మస్తాన్ నన్ను కుట్టాడు. మొదట్లో ఆవాలన్నీ ఒక మూలకు జారిపోయేవి. అతను విసుక్కుంటూ విప్పి, లోపల గదులు గదులుగా కుట్టు వేసి మళ్లీ నింపాడు. నాకు తోబుట్టువులు కూడా పుట్టారు. మమ్మల్ని, రోగుల మీద పరిశోధనలకు అనుమతిచ్చే పెద్దల కమిటీ ముందు పెట్టారు. మనుషుల కాళ్ల కింద దిండు పెట్టవచ్చా అని వాళ్లు రెండుసార్లు సమావేశమయ్యారు. ఒకాయన నా మీద మోచెయ్యి ఆన్చి కాసేపు కునుకు కూడా తీశాడు. లేచాక నన్ను 'ఇంటర్వెన్షన్' అన్నాడు, అంటే పరీక్షించి చూసే చికిత్సట. నాకు గర్వంగానే అనిపించింది.

పరిశోధన పద్ధతి ఇది. వార్డులో చేరిన రోగులకు చీటీలు తీస్తారు. కొందరికి దిండు వస్తుంది. మిగిలినవాళ్లకు మామూలు సేవ, అంటే రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. వార్డు నిండా మంచాలు, మంచాల మధ్య నేల మీద చాపలు, డ్యూటీలో ఇద్దరు నర్సులు. ఆ మామూలు సేవ ఎంతమందికి అందేదో నేను చెప్పక్కర్లేదు. అయినా రెండు గుంపులనూ పోల్చి చూస్తే తప్ప, నేను పనిచేస్తానో లేదో తేలదట. అది నిజమే కావచ్చు.

నేను ఒక ఆటో డ్రైవరు కాళ్ల కింద చేరాను. పక్క మంచం మీదకు అసిరమ్మ వచ్చింది. జీడిపిక్కలు కొట్టి కొట్టి నల్లబడిన వేళ్లు, ఒక పక్క పూర్తిగా పడిపోయిన ఒళ్లు. మాట పోయింది. కళ్లు మాత్రం అన్నీ చూసేవి. వెంట ఆమె భర్త తవిటయ్య ఉండేవాడు. పరిశోధనకు ఒప్పుకుంటూ ఆయన వేలిముద్ర వేశాడు, చీటీ తీశారు. అసిరమ్మకు దిండు రాలేదు.

నాలుగో రోజు యునీకే ఆమె మడమ ఎత్తి చూసింది. ఎర్రమచ్చ. వేలితో నొక్కింది. ఎరుపు పోలేదు, అంటే లోపల పుండు మొదలైనట్టే. ఆమె ముఖం ఎలా మారిందో పక్క మంచం మీంచి నేను చూశాను.

తవిటయ్య కూడా చూశాడు. "సిస్టరమ్మా, ఆ అబ్బాయి కాళ్ల కింద ఎట్టినారు కదా, ఆ దిండు మాయావిడికెందుకెట్టరు? మాం ఏటి తప్పు సేసినాం?"

"తప్పేం లేదు తాతా. చీటీలో అలా వచ్చింది."

"సీటీ ఏటమ్మా? కాలు ఆవిడిది కదా?"

తవిటయ్య తన తువ్వాలు మడతపెట్టి భార్య కాళ్ల కింద పెట్టాడు. అది జారిపోయేది, మళ్లీ పెట్టేవాడు. యునీకే డ్యూటీ దిగాక కూడా వెళ్లకుండా అసిరమ్మను పక్కకు తిప్పుతుండేది. నర్సింగ్ కాలేజీలో తన పీహెచ్‌డీ గైడు వైదేహి మేడమ్‌కు ఫోన్ చేసి అడిగింది. "ఇప్పుడు దిండు పెడితే పరిశోధన పాడవుతుంది. వార్డులో మామూలుగా చేసేది చెయ్యి, మడమ ఎలా ఉందో రాసుకో" అని ఆవిడ చెప్పింది.

యునీకే రాసుకుంది. ఎరుపు ఊదారంగుకు తిరిగిందని రాసింది. తర్వాత నల్లబడిందని రాసింది. ఆ మాట రాసిన మధ్యాహ్నమే పెన్ను జేబులో పెట్టుకుని, ఆటో డ్రైవరు మంచం దగ్గరకు వచ్చింది. అతను అప్పటికి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. నన్ను తీసి, అసిరమ్మ పిక్కల కింద పెట్టింది. ఆవిడ కాళ్లు కట్టెల్లా తేలిగ్గా ఉన్నాయి. నా ఆవాలు జరిగి చోటిచ్చాయి. మడమ గాలిలోకి లేచింది. తవిటయ్య ఆమెకు దణ్ణం పెట్టబోతే, ఆమె అటు తిరిగిపోయింది.

రెండు రోజులకు వైదేహి మేడమ్ వార్డు చూడడానికి వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"ఈ మంచానికి దిండు లేదు కదా?"

"లేదు మేడమ్. నేనే పెట్టాను."

"నువ్వు నర్సువా, రీసెర్చరువా యునీకే?" మేడమ్ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది.

"రెండూ అవ్వచ్చనుకున్నాను మేడమ్."

నేను ఆలస్యంగా వచ్చాను. పుండు అప్పటికే ఎముకదాకా పోయింది. జ్వరం వచ్చింది, రక్తానికి విషం పాకింది. డాక్టర్లు మందులు మార్చారు, కాలు తీసేద్దామన్నారు, ఆ ఒళ్లు తట్టుకోదన్నారు. ఆ ఆదివారం ఉదయం, పలహారాల బండి వార్డులోకి వచ్చే వేళ, నా మీదున్న కాళ్లు చల్లబడడం నాకు తెలిసింది. తవిటయ్య పాలగ్లాసుతో వచ్చి, భార్య కళ్లు చూసి, గ్లాసు కింద పెట్టాడు. ఏడవలేదు. యునీకే వచ్చేదాకా కూర్చున్నాడు.

"ఒక్క మాట సెప్పమ్మా. ఆ దిండు ముందే ఎట్టుంటే బతికేదా?"

"తెలీదు తాతా. అది తెలుసుకుందామనే ఇదంతా..."

"తెల్దా?" అన్నాడాయన. "మీకే తెల్దా?" కోపంగా కాదు. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు అన్నాడు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, శవాన్ని తీసుకెళ్లే బండి కోసం బయటకు నడిచాడు.

ఆ వారంలో వైదేహి మేడమ్ యునీకేని కాలేజీలోని తన గదికి పిలిచింది. ఆసుపత్రి నుంచి కాలేజీకి మమ్మల్ని పట్టుకెళ్లే సంచిలో నేనూ ఉన్నాను. ఆవిడ చెడ్డమనిషి కాదు. శిష్యురాలి శ్రమ గంగపాలు కాకూడదని ఆమె బాధ.

"ఆ పేషెంటు మధ్యలో ఇంటికి వెళ్లిపోయిందని రాయి. అలా చాలామంది వెళ్లిపోతారు. ఎవరూ అడగరు."

"ఆవిడ వెళ్లిపోలేదు మేడమ్, చచ్చిపోయింది. మడమ మీద పుండుతో. దాన్ని నేను రోజూ కొలిచాను."

"నిజం చెబితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలుసు."

పెద్దల కమిటీకి ఉన్నదున్నట్టు చెప్పింది. చీటీ దాటి దిండు పెట్టారని కమిటీ పరిశోధన ఆపేసింది. చేసినదంతా పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి చెయ్యమంది. అప్పటికి యూనివర్సిటీ ఇచ్చిన గడువు చివరికొచ్చింది. పొడిగించమని అడగడానికి యునీకే ఒకసారి వెళ్లిందట. సంబంధిత గుమస్తా సెలవులో ఉన్నాడట. మళ్లీ వెళ్లలేదు. మస్తాన్ గేటు దగ్గర ఆపి, "ఇంకో నాలుగు కుట్టమంటారా సిస్టర్?" అని అడిగితే, "వద్దు భాయ్" అందట.

వార్డుకు మాత్రం వెళ్తూనే ఉంది. కాలేజీకి సంచి సర్దడానికి చివరిసారి వచ్చినప్పుడు, రోగుల మడమలు ఎత్తి చూడాలంటే భయమేస్తోందని మేడమ్‌తో చెప్పింది. మేడమ్ లేచి తలుపు దగ్గరగా వేసింది.

నా తోబుట్టువులకు పురుగు పట్టిందని పారేశారు. నన్ను నర్సింగ్ కాలేజీ ప్రాక్టికల్ గదిలో, ప్లాస్టిక్ బొమ్మ కాళ్ల కింద పెట్టారు. మనుషులు మనుషులకు సేవ చెయ్యడం బొమ్మల మీద నేర్చుకుంటారు. ఈ బొమ్మకు ఎంత కాలం పడుకున్నా పుండ్లు పడవు. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె నన్ను నొక్కి చూసి, "మేడమ్, ఇది నిజంగా పనిచేస్తుందా?" అని అడిగింది.

"ఎవరో మొదలుపెట్టారమ్మా, పూర్తి చెయ్యలేదు" అని, పాఠం చెప్పే ఆవిడ దుప్పటి మడత పెట్టడం ఎలాగో చూపించసాగింది.

ఆ అమ్మాయికి నేను జవాబు చెప్పాలనుకున్నాను. చెప్పడానికి నోరుంటే మాత్రం, పనిచేస్తానో లేదో నాకు తెలిస్తే కదా.