ఎండకు వెట్టిన బేస్ గిటారు

డప్పు కొట్టే ఇంట్ల పుట్టిన మనిషికి సప్పుడు గురించి ఇంకొకలు చెప్పాల్నా? కోమలకు గదే ధీమా. నలభై ఏండ్ల మనిషి, నల్లగొండ డిపోల కండక్టరు. పానగల్లు దగ్గర వాళ్ల ఊరి చర్చిల లావు సప్పుడు జేసే బేస్ గిటారు వాయించెటాయన కొలువు దొరికి హైదరాబాదు పోయిండు. మూలకు వడ్డ గిటారును పాస్టరమ్మను అడిగి కోమల ఇంటికి తెచ్చుకున్నది. ఫోన్ల వీడియోలు సూసుకుంట మూడు నెలలల్ల నాలుగు పాటలు నేర్సింది.

వచ్చే ఆదివారం చర్చి వార్షికోత్సవం. మొదటిసారి అందరి ముందట వాయించాలె. గురువారం రిహార్సలుకు పోయేముందు, బాపు ఐలేశం డప్పును మంటకు కాపుడు యాదికొచ్చింది. సెగకు తోలు బిర్రుగైతేనే డప్పు ఖంగుమంటది. గిటారు గూడ వాయించేదే గదా అనుకోని, ఏప్రిల్ ఎండల స్లాబు మీద నాలుగు గంటలు పండవెట్టింది. "మంచిగ కాగనియ్యి బిడ్డా," అని ఐలేశం గూడ మెచ్చుకున్నడు. ఇగ జూడుండ్రి తమాషా!

రిహార్సల్ల తీగ ముట్టుకుంటె సాలు, జిర్ర్... జిర్ర్... డబ్బాల కందిరీగ సొచ్చినట్టు. కీబోర్డు వాయించే నాగేందర్ నవ్వు ఆపుకోలేకపోయిండు.

"ఏమనుకోకు అక్కా. ఆదివారం బేసు గూడ నేనే ఎడమ చెయ్యితోని కీబోర్డు మీద కొడత. నువ్వు పాడేటోళ్లల్ల నిలబడు."

కోమలకు ఒళ్లు మండింది. "ఆదివారం పొద్దుగాల దాక నా జోలికి రాకు తమ్మీ. అప్పటికీ జిర్రుమంటె నేనే పక్కకు జరుగుత."

మాటైతె అన్నది. మూడు నెలల కష్టం గంగల కలుస్తదని లోపల గుబులే.

తెల్లారి గిటారు బాగుజేసే వీడియో వెట్టింది. గిటారు మెడ లోపల దాని వంపును సరిజేసే ఇనుప కడ్డీ ఉంటదట, దాన్ని ఆరు మూలల ఎలెన్ కీతోని తిప్పాలెనట. గంత ఇనంగనే ఫోను బంద్ వెట్టింది. మిగిలింది తెల్వదా ఏంది! డిపోల మెకానిక్కు రామచంద్రయ్యను అడిగి కీ తెచ్చి, కడ్డీని బిగిచ్చింది. జిర్రు ఎక్కువైంది.

"ఇంకింత బిగియ్యి," అన్నడు ఐలేశం.

బిగిచ్చింది. ఈసారి తీగ కటకటమని ఊకున్నది. తండ్రి బిడ్డలు ఒకల మొఖం ఒకలు సూసుకున్నరు.

శనివారం పగటాల్ల డ్యూటీ దిగినంక, పౌరుషం దిగమింగి అదే వీడియో ఆఖరి దాక సూసింది. తీగను మెడ ఈ కొనకు, ఆ కొనకు రెండు దిక్కుల వత్తిపట్టి నడుమ తీగ కింద సూడాలె, పెండ్లి పత్రిక మందమంత సందు ఉండాలె అన్నడు వీడియోల ఆయన. కోమల వత్తి సూసింది. సందు లేనే లేదు. మెడ మీది ఇనుప గీతలకు తీగ అతుక్కోని ఉన్నది.

"ఓరి నాయినో! బాపూ, మనం ఉల్టా చేసినం. డప్పుకు తోలు బిగియ్యాలె. దీనికి తీగ ఊగుటానికి జాగ గావాలె. ఎండకు మెడ చెక్క ఎండి ఎనుకకు వంగితె, నేను కడ్డీ బిగిచ్చి ఇంకా వంచిన. జాతర బస్సుల మనిషి లెక్క తీగ మెసలలేకపోతాంది."

"వదులు జేత్తె సప్పుడు సచ్చిపోదా?"

"సూద్దాం పా."

బిగిచ్చినదంత ఎనుకకు తిప్పింది. అటెన్క ఇంకో పావు చుట్టు. చెక్క కుదురుకునుటానికి అర్ధగంట ఆగాలె. జర సేపు గూడ ఒక్క తాన కూసోని మనిషి, చాయి తాగుకుంట ఆ అర్ధగంటా కూసున్నది. తీగల శ్రుతి సరిజేసి ఒక్కో గీత కాడ మీటి సూసింది. మూడో గీత కాడ జర జిర్రు మిగిలింది. ఇంకింత వదులు జేసింది. మళ్ల మీటింది.

దుమ్మ్‌మ్... సాఫ్‌గ, లావుగ మోగింది. ఐలేశం గిటారు చెక్క మీద అరచెయ్యి ఆనిచ్చి సప్పుడు ఆగేదాక తియ్యలే.

"బతికే ఉన్నది బిడ్డా," అన్నడు. కోమలకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

ఆదివారం మొదటి పాటకు నాగేందర్‌కు నమ్మకం గుదరలే, ఎడమ చెయ్యి కీబోర్డు మీదనే వెట్టుకోని కూసున్నడు. కోమల అతని దిక్కు సూడనే లేదు. ధైర్నంగ మీటింది. చాపల మీద కూసున్నోళ్ల కింద నేల అదిరింది. రెండో చరణం వచ్చేసరికి నాగేందర్ ఎడమ చెయ్యి తీసి తొడ మీద వెట్టుకున్నడు. పాట అయిపోంగనే ఇటు వంగిండు.

"అక్కా, ఈసారి నువ్వు మొదలువెట్టు. నేను నీ ఎంబడి వస్త."

రెండో పాట వచ్చింది. కోమల ఒక్కతే మొదలువెట్టింది. ఎనుక వరుసలకెళ్లి ఐలేశం, చర్చిల ఉన్నమన్నది గూడ మర్సిపోయి, "గదీ బిడ్డా!" అని గట్టిగ అరిసిండు.