రెండో మునక

"నీ చేతుల్లో ఎముకలుండాయా, వెన్న ఉందా?" అంది బావి గట్టు మీంచి భీమమ్మ. కోడలు హులిగెమ్మ చేతిలోంచి ఇత్తడి బిందె జారి దిగుడుబావిలో మునిగి అప్పటికి మూడో రోజు. తెల్లవారకముందే ఏడు బిందెలు మోసే చేతులవి. జారింది ఒక్కటే, కానీ మోసినవి ఎవరికి గుర్తుంటాయి? కర్నూలు రాజధాని అయిన ఏడాది అది. రాజధాని వచ్చింది గాని, నందవరం పక్కన ఆ ఊరి కోడళ్ల నెత్తిమీది బిందె మాత్రం దిగలేదు.

మొగుడు ఈరప్ప తాడుకు ఇనుప గాలం కట్టి మూడు రోజులుగా దేవుతున్నాడు. రెండు పాత చెప్పులు వచ్చాయి, బిందె రాలేదు. మెట్టు మీద కూర్చున్న హులిగెమ్మ నవ్వు ఆపుకుంది. ఆమె పుట్టింది తుంగభద్ర అవతలి ఒడ్డున. చిన్నప్పుడు ఆముదపాకు కాడ నోట్లో పెట్టుకుని, ఆ గొట్టంలోంచి గాలి పీలుస్తూ ఏట్లో బోర్లా తేలి, అడుగున తిరిగే చేపలను పూటంతా చూసేది. పెళ్లినాడు తల్లి చెవిలో చెప్పింది: "ఈతొచ్చని ఆడ సెప్పొద్దు తల్లీ. బాయిలో పడతా అంటేనే మొగోళ్లు రోంత బెదిరేది. ఈతొచ్చినదాని మాట ఎవురు నమ్ముతారు?"

తల్లి చెప్పింది నిజమే. ఈరప్ప చెయ్యెత్తిన రెండుసార్లూ ఆ మాటకే చెయ్యి దించాడు. ఆ బెదిరింపును కాపాడుకోవడానికి తొమ్మిదేళ్లు ఆమె నీళ్లలో మోకాలు దాటి దిగలేదు. బతకడానికి చావును అడ్డం పెట్టుకోవడమేమిటని ఆ పూట మొదటిసారి రోత పుట్టింది. కింద నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి. ఇక ఆగలేకపోయింది.

గట్టున ఉన్న ఆముదం చెట్టు నుంచి ఆకు కాడ ఒకటి తెంపి, చీర గోచీ పోసి దిగింది.

"ఏయ్, యాడికే?" అన్నాడు ఈరప్ప.

కాడ నోట్లో పెట్టుకుని బోర్లా తేలి వెతికింది. గోడ వారన ఇత్తడి మెరిసింది. కాడ వదిలేసి మునిగింది. అడుగున చల్లగా ఉంది. అత్త పిలుపు లేదు, మొగుడి కేక లేదు. నడుము విరిచే బిందె అక్కడ తేలిగ్గా ఉంది. అవసరం లేకపోయినా ఒక్క క్షణం ఎక్కువే ఉంది, హాయిగా.

బిందెతో పైకి వచ్చేసరికి భీమమ్మ ఏడుస్తోంది. మోకాటి లోతులో ఈరప్ప ఆమె పేరు పెట్టి అరుస్తున్నాడు. ఆమెను చూడగానే అతనికి భయం పోయి కోపం వచ్చింది.

"ఇన్నేండ్లూ బాయిలో పడతానంటివే. అంతా అబద్దమేనా?"

"అబద్దమే. ఇంగ ఆ మాట సెప్పను. మల్లా చెయ్యెత్తితే మా ఊరికి పోతా. నడుమ ఏరే కదా, ఈదుకుంటనే పోతా."

భీమమ్మ కళ్లు తుడుచుకుని తేలుతున్న కాడ వైపు చూసింది.

"దాంట్లో గాలెట్లొస్తాదే?"

"దిగు, సూపిస్తా అత్తా," అని హులిగెమ్మ నిండు బిందెను మొగుడి వైపు జరిపింది. "నువ్వు దీన్ని ఎత్తుకోని ఇంటికి పో. నేను ఇంగొక మునక మునిగి వస్తా."